మార్చి పదకొండు, ముదురు నీలం

మార్చి 3

డాక్టరమ్మ డైరీ రాయమంది. నొప్పి ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది, ఏ మాత్ర వేసుకున్నాను, ఎన్నింటికి వేసుకున్నాను, ఈ నాలుగూ చాలట. నాలుగు గడులు గీసుకుని అందులో ఒదిగి కూర్చోవడం నా వల్ల కాదు. నా పుస్తకం, నా కలం, నాకు తోచింది రాస్తాను. ఆవిడకు కావలసినవి తర్వాత ఏరి వేరే కాగితం మీద ఎత్తి ఇస్తాను.

అసలు ఆవిడ వాలకమే నాకు నచ్చలేదు. పద్దెనిమిదేళ్ళుగా ఈ మైగ్రేన్ తలను మోస్తున్నది నేను. పది నిమిషాలు నాడి చూసి, బీపీ చూసి, "ఈ మాత్ర వారానికి రెండు రోజులకి మించి వేసుకోకూడదమ్మా" అంది. ఆ ముక్క నొప్పికి చెప్పండి తల్లీ! వారానికి రెండు రోజులే రా, మిగతా రోజులు సెలవు అని చెప్పండి, వింటుందేమో చూద్దాం.

"నెలకి ఎన్ని వేసుకుంటున్నారు?"

"ఎనిమిదో తొమ్మిదో" అన్నాను. కాస్త అటూ ఇటూ.

ఇక మొదలుపెట్టింది. నొప్పి మొదలవగానే ఒకటి వేసుకోవాలట. తగ్గి మళ్ళీ వస్తేనే, అదీ రెండు గంటలు ఆగాకే, ఇంకొకటి. రోజుకి రెండు దాటకూడదు. మాత్రల్ని పాకెట్లోంచి తీసి విడిగా పెట్టకూడదు. కొత్త మాత్ర ఏది మొదలుపెట్టినా ముందు ఆవిడకు చూపించాలి. బళ్ళో పిల్లకి చెప్పినట్టు చెప్పింది. నేను తల ఊపాను. ఊపితే నొప్పి.

నా పనేమిటని అడిగితే చెప్పాను. బట్టలకు రంగు వేసే మిల్లులో షేడు చూస్తాను. గుడ్డ కొనే పార్టీ ఇచ్చిన శాంపిలు ముక్క పక్కన మా గుడ్డ ముక్క పెట్టి, లైటు పెట్టెలో పగటి వెలుగు దీపం కింద, దుకాణం దీపం కింద చూసి, రంగు కలిసిందో లేదో చెప్పేది నేనే. నేను ముద్ర వేస్తేనే లాటు గేటు దాటుతుంది. "అయితే కళ్ళకి శ్రమన్నమాట" అని రాసుకుంది. శ్రమట! ఎనిమిదేళ్ళు మడతల సెక్షన్లో నిలబడి కాళ్ళు వాచిపోయాక దక్కిన కుర్చీ అది. పందొమ్మిదేళ్ళుగా దానిలో ఇంకొకరు కూర్చోలేదు.

మార్చి 4

నొప్పి లేదు. మాత్ర ఒకటి, ముందు జాగ్రత్తకి.

మార్చి 7

మా ఆయనతో గొడవ. పాత షేడు ముక్కలు దాచుకునే అట్టపెట్టె ఒకటి ఇంట్లో ఉంది, లోపలంతా గళ్ళు. మాత్రలన్నీ పాకెట్లు చించి అందులో పోసుకున్నాను. గులాబి రంగువి మైగ్రేన్‌వి. తెల్లవి మామూలు నొప్పివి. చిన్న పసుపువి వాంతికి. పెట్టె సంచిలో పడుతుంది, పాకెట్ల చప్పుడుండదు, పక్కవాళ్ళ ఆరాలుండవు.

ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. లోకంలో ప్రతిదీ ఆయనకి లిఫ్టే.

"వీటి మీద పేర్లేవే?" అన్నాడు.

"రంగులున్నాయిగా."

"రంగు చూసి మందు మింగేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. మా బోర్డులో తీగలన్నిటికీ తలో రంగు ఉంటుంది. అయినా ఒక్కోదానికీ పేరు చీటీ కడతాం. వెనకటి మెకానిక్కు ఎర్ర తీగ అయిపోయిందని నల్లది వేసుంటే? రంగుని నమ్మి ముట్టుకున్నవాడు రెండోసారి ముట్టుకోడు."

"మీ తీగల సంగతి మీరు చూసుకోండి. రెండు నీలాల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టే కన్ను నాది. మూడు రకాల మాత్రల్ని గుర్తుపట్టలేనా?"

"ఆ కన్నుకి నొప్పొచ్చినప్పుడు?"

పెట్టె మూసి సంచిలో పడేశాను. నెత్తిన నోరుంటే పెత్తనం సాగుతుందని ఊరికే అన్నారా?

మార్చి 11

పొద్దున్నే వచ్చింది. మిల్లులో అడుగుపెడుతుండగానే ఎడమవైపు చూపులో ఆ మిలమిలలాడే గీతలు, పగిలిన అద్దంలోంచి చూస్తున్నట్టు. ఒక గులాబి వేసుకున్నాను. గంటకి ఇంకోటి. రెండోది నోట్లోనే సగం కరిగిపోయింది కనుక అది సగమే లెక్క.

ఇవాళ్టికి నాలుగు లాట్లు పంపాలని మేనేజరు ఫోన్ల మీద ఫోన్లు. మూడు తేలిగ్గా అయిపోయాయి. నాలుగోది ముదురు నీలం, ఎక్కడో ఆసుపత్రి నర్సుల యూనిఫారాలకు. తొట్లలో రంగు కలిపే మేస్త్రీయే స్వయంగా ముక్క పట్టుకొచ్చాడు. చూశాను. బాగుంది. ముద్ర తీశాను.

"అమ్మా, దుకాణం దీపం కింద కాస్త ఆకుపచ్చ కొడుతున్నట్టుంది. ఇంకోసారి చూస్తారా?"

"మేస్త్రీగారూ, మీరు తొట్లు చూసుకోండి. షేడు నేను చూసుకుంటాను."

అయినా కదలడే! "మీ కళ్ళు ఎర్రగా ఉన్నాయమ్మా. పోనీ రేప్పొద్దున చూద్దాం. లాటు ఒక్క రోజు ఆగితే కొంప మునగదు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ముప్పై ఏళ్ళు తొట్ల దగ్గర నానినంత మాత్రాన షేడు చూడటం వచ్చేస్తుందా? నలుగురూ వింటుండగానే, "నాకు నేర్పొద్దు" అన్నాను. ముద్ర కొట్టి ముక్క ఆయన చేతిలో పెట్టాను. వెళ్ళిపోయాడు.

నాలుగు లాట్లు. నొప్పిలో నాలుగు లాట్లు! ఇంకొకరైతే సెలవు పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్ళు. ఈ మిల్లులో ఎవరికైనా ఆ విలువ తెలుసా?

మార్చి 12

తల దిమ్ముగా ఉంది. ఒకటి.

మార్చి 16

గులాబివి ఇరవయ్యే మిగిలాయి. మందుల షాపుకి వెళ్తే పాత కంపెనీది రావట్లేదట, ఇంకోటి ఇచ్చాడు. గంధం రంగు, కాస్త కోలగా ఉంది. "కంపెనీ వేరు గానీ అమ్మా, ఇది కూడా..." అంటూ ఏదో మొదలుపెట్టాడు. నా వెనక జనం. తలలో సుత్తి దెబ్బలు. "తెలుసులెండి" అని తీసుకుని వచ్చేశాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

కొత్తవి పాకెట్ చించి ఖాళీ గడిలో పోశాను. ఒకందుకు మంచిదే అయింది. గులాబి పనిచేయనప్పుడు గంధం ఉంటుంది. రెండు రకాలుంటే ధైర్యం.

డాక్టరమ్మకి చూపించాలట. ఆవిడ దగ్గరికి వెళ్తే సగం రోజు పోతుంది. పోయేది ఆవిడ సగం రోజు కాదు కదా!

మార్చి 24

కోపంతో కలం సాగట్లేదు. అయినా రాస్తాను.

పదకొండో తారీఖు ముదురు నీలం తిరిగొచ్చింది. లాటు మొత్తం. ఆసుపత్రి దీపాల కింద ఆకుపచ్చగా కనిపిస్తోందట. మేనేజరు నన్నూ మేస్త్రీనీ తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద గుడ్డ పరిచి ఉంది. చూశాను. ఆకుపచ్చే. గుడ్డివాడైనా చెప్తాడు.

"దీనికి ముద్ర ఎలా వేశారమ్మా?" అన్నాడు.

"దీనికి నేను వేయలేదు. నాకు చూపించిన ముక్క వేరు. ఈ గుడ్డ వేరు."

మేనేజరు మేస్త్రీ వైపు తిరిగాడు. మేస్త్రీ మొహం పాలిపోయింది. "ఈ లాటులోంచే కోశానండీ. నా చేత్తో నేనే కోశాను. నాకే అనుమానమొచ్చి ఇంకోసారి చూడమని అమ్మగారిని అడిగాను కూడా" అన్నాడు.

"అడిగాడా?" అన్నాడు మేనేజరు నాతో.

"అడగలేదు" అన్నాను.

అడిగి ఉంటే చూడనా? పందొమ్మిదేళ్ళలో చూడనని ఎవరితోనైనా అన్నానా? బాగా వచ్చిన లాటులోంచి ముక్క కోసి నాకు చూపించి, చెడిపోయిన లాటు బండికెక్కించి ఉంటాడు. ఇప్పుడు నన్ను అడ్డం పెట్టుకుంటున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! గది తలుపు తీసే ఉంది, బయట తొట్ల వాళ్ళంతా నిలబడి ఉన్నారు. విననీ. "ముక్క మార్చి మోసం చేస్తే నా కన్నేం చేస్తుంది?" అని గట్టిగానే అన్నాను.

మేస్త్రీ నా వంక అలా చూస్తూ ఉండిపోయాడు. తప్పు చేయనివాడు అలా ఊరుకుంటాడా?

ఇంటికొచ్చి ఒక గులాబి, తర్వాత ఒక తెల్లది.

మార్చి 27

మేస్త్రీని పనిలోకి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా.

నన్ను కూడా వదల్లేదు. ఏప్రిల్ ఇరవైన నాకు రంగుల పరీక్షట! బయటి నుంచి మనిషి వస్తాడు. గుండీలంతేసి రంగు బిళ్ళలు గుట్టగా పోస్తాడు. వాటిని లేతనుంచి ముదురుకి, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి, తప్పు లేకుండా వరసగా పేర్చాలి. "తప్పితే మడతల సెక్షన్‌కి వెళ్ళాల్సొస్తుందమ్మా" అన్నాడు మేనేజరు, టీ కప్పు దించకుండా. పందొమ్మిదేళ్ళ పనికి ఇదా మర్యాద?

ఆ రోజు మాత్రం నొప్పి రాకూడదు. దానికి ఇప్పటినుంచే జాగ్రత్తపడతాను. రోజూ పొద్దున్న పనికి వెళ్ళే ముందు ఒకటి.

ఏప్రిల్ 2

నొప్పి. నిన్న కూడా. మొన్న కూడా. ఇంతకుముందు వారానికోసారి వచ్చేది, ఇప్పుడు నిద్ర లేచేసరికే మంచం పక్కన కూర్చుని ఉంటోంది. మాత్ర వేసుకుంటే పోతుంది, మాత్ర బలం తగ్గగానే వస్తుంది. ఈమధ్య మందుల నాణ్యత పడిపోయింది, అదీ సంగతి. కంపెనీలకి అడిగేవాడు లేడు.

మేస్త్రీ భార్య కూరగాయల బజారులో కనపడింది. నన్ను చూసి పక్క వరసలోకి తిరిగిపోయింది. తిరగనీ. నేనేం చేశాను?

ఏప్రిల్ 6

పొద్దున్న గులాబి. పన్నెండుకి గంధం. మూడింటికి తెల్లది. ఐదింటికి ఏదో ఒకటి.

ఏప్రిల్ 9

ఆసుపత్రి మంచం. పడుకోమన్నారు, రాయొద్దన్నారు. రాయకపోతే ఎవరి మీదో ఒకరి మీద అరుస్తాను.

నిన్న పొద్దున్న ఏడింటికి గులాబి. ఎనిమిదికి తగ్గలేదు, ఇంకో గులాబి. తొమ్మిదిన్నరకి, అది వేరే మందు కదా అని, గంధం. పదకొండుకి ఇంకో గంధం. పావుగంటలో లైటు పెట్టె ముందు కూర్చుని ఉండగా రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. మెడ బిగిసిపోయింది. దవడ లాగేసింది. కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయానట. నన్ను మోసుకొచ్చింది తొట్ల వాళ్ళు.

ఇక్కడ కుర్ర డాక్టరు ఒకతను. "ఏం మాత్రలు వేసుకున్నారు?"

"గులాబివి రెండు, గంధం రంగువి రెండు."

"పేర్లు?"

నాకు తెలియదు. తలలో వెతికాను, పేరు లేదు. రంగు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. "లేత గులాబి, కాస్త నేరేడు కలిసిన గులాబి" అన్నాను. అతను నర్సు వంక చూశాడు. "మేడమ్, ఇది చీరల షాపు కాదు" అన్నాడు. అంతమందిలో! నా వయసులో సగం లేడు.

ఫోను చేస్తే మా ఆయన అట్టపెట్టె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. దాన్ని చూసి అందరూ తెల్లమొహాలు వేశారు. చివరికి ఆయనే మందుల షాపుకి వెళ్ళి, నా పాత బిల్లులు తీయించి, రెండు పేర్లూ రాయించుకొచ్చాడు. రెండూ ఒకటే. కంపెనీ వేరు, రంగు వేరు, లోపల మందు ఒకటే. రోజుకి రెండు దాటకూడనిది నాలుగు గంటల్లో నాలుగు మింగాను.

"నేను చెప్పబోయానండీ, తెలుసులెండి అన్నారు" అన్నాడట షాపాయన. చెప్పబోవడమేమిటి? చెప్పాలి! ఒకే మందుకి రెండు రంగులు వేసే హక్కు వీళ్ళకెవరిచ్చారు? మా మిల్లులో అలా చేస్తే లాటు వెనక్కి కొడతారు.

మా ఆయన లిఫ్టు ఊసే ఎత్తలేదు. మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 10

డాక్టరమ్మ వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గుండె పరీక్షలు బాగున్నాయి. ఈసారికి బాగున్నాయి" అంది. "నిజంగా నెలకి ఎన్ని వేసుకుంటున్నారు?"

చెప్పాను. చెప్తుంటే నాకే ఎక్కువనిపించింది.

"మీ నొప్పి ఇప్పుడు సగం మైగ్రేన్‌ది, సగం మాత్రలది. వారంలో ఇన్ని రోజులు వేసుకుంటే తల వాటికి అలవాటు పడిపోతుంది. మాత్ర దిగిపోగానే మళ్ళీ కావాలని నొప్పి తెస్తుంది. మీరు నొప్పి రాకుండా వేసుకుంటున్నాననుకున్నారు. నొప్పి వచ్చేలా వేసుకున్నారు."

"అంటే తప్పంతా నాదేనంటారు."

"తప్పు కాదమ్మా, మందు గుణం అది. ఆపేస్తే పోతుంది. కానీ మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. రాకుండా చేసే మాత్ర వేరే రాస్తాను, అది రోజూ రాత్రి ఒకటే. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి."

"ఇరవైన నాకు పరీక్ష ఉంది! ఇప్పుడాపితే నా కుర్చీ పోతుంది. కుర్చీ మీరిస్తారా?"

"గుండె ఆగిపోతే కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" అంది ఆవిడా గొంతు పెంచి. తర్వాత కాస్త తగ్గి, "నేను రాయమన్న డైరీ రాస్తున్నారా? తారీఖులు ఎత్తి తెండి. ఏ రోజు ఏమైందో చూస్తేగాని నేను మందు సరిచేయలేను" అంది.

రాస్తున్నాను మహాతల్లీ, ఇదే రాస్తున్నాను.

ఏప్రిల్ 12

ఇల్లు. అట్టపెట్టె మా ఆయన తీసుకెళ్ళి షాపులో తిరిగి ఇచ్చేశాడు, వాళ్ళే పారేస్తారట. నొప్పి. వాంతులు. కిటికీలకి దుప్పట్లు కట్టాడు. ఒక్క మాత్ర, ఒక్కటంటే ఒక్కటి ఇవ్వమని బతిమాలాను. ఇవ్వలేదు. రాయి మనిషి.

ఏప్రిల్ 14

నిన్నటికంటే ఎక్కువ. డాక్టరమ్మ అబద్ధాలకోరు. మా ఆయన కూడా.

ఏప్రిల్ 16

సాయంత్రం ఒక గంట నొప్పి లేదు. అసలు లేదు. ఏమైపోయిందా అని భయం వేసింది.

ఏప్రిల్ 18

నిన్నటినుంచి తల తేలిగ్గా ఉంది. ఇన్నాళ్ళకి కూర్చుని డాక్టరమ్మకి కాగితం ఎత్తి రాస్తున్నాను. నాలుగు గడులు గీశాను, ఆవిడ చెప్పినట్టే. తారీఖు, నొప్పి, మాత్ర, గంట. మార్చి మూడునుంచి మొదలుపెట్టాను.

మార్చి 11 దగ్గర ఆగిపోయాను.

ఆ పేజీ రెండుసార్లు చదివాను. నా అక్షరాలే. మేస్త్రీ ఏమన్నాడో ఆయన మాటల్లోనే ఉంది. ఆకుపచ్చ కొడుతోందన్నాడు. ఇంకోసారి చూడమన్నాడు. రేపు చూద్దామని కూడా అన్నాడు. అదే రోజు, అదే పేజీలో, పైన, నా చూపులో గీతలు.

అడగలేదన్నాను. మేనేజరు ముందు, తలుపు తీసి ఉండగా.

ఏప్రిల్ 19

గీతలు ఎప్పుడూ అరగంటే ఉంటాయి. పొద్దున్న మొదలయ్యాయి కనుక నాలుగో లాటు చూసేసరికి పోయే ఉంటాయి. అప్పుడు చూపు బాగానే ఉండి ఉంటుంది.

పోయాయని ఎక్కడైనా రాశానా? రాయలేదు. వెతికాను.

పోనీ ముక్క మార్చాడనే అనుకుందాం. మార్చినవాడు ఇంకోసారి చూడమని ఎందుకడుగుతాడు? దొంగ వచ్చి ఇంటివాళ్ళని నిద్ర లేపుతాడా?

ఇది మా ఆయనకి చెప్పలేదు. రేపు పరీక్ష. ముందు పరీక్ష కానీ. తర్వాత ఆలోచిస్తాను.

ఏప్రిల్ 20

నొప్పి లేదు. పదింటికి పరీక్ష. బయటి మనిషి నాలుగు పెట్టెలు తెరిచి బిళ్ళలన్నీ కలిపేశాడు. నా చేతులు వాటంతటవే నడిచాయి. ఎన్నేళ్ళయిందో రంగుల్ని అంత శుభ్రంగా చూసి! ఒక్కటి తప్పలేదు. "ఇంత మంచి చూపు నా సర్వీసులో చూడలేదండీ" అన్నాడతను.

మేనేజరు మొహం వెలిగిపోయింది. అతన్ని పంపించి వచ్చి, డ్రాయరులోంచి ఒక కాగితం తీశాడు. "ఇంక అనుమానమే లేదమ్మా. మీ కన్ను నిక్షేపంగా ఉంది. అంటే ముక్క మారిందన్నమాట నిజమే. మేస్త్రీని తీసేస్తున్నట్టు పార్టీకి రాసేస్తాను" అన్నాడు.

నేను గెలిచాను. నెల్లాళ్ళు దేనికోసం మింగానో, దేనికోసం వాంతులు చేసుకున్నానో, అది నా చేతిలో ఉంది. నోరు మూసుకుని లేచి వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటే చాలు.

"ముక్క మారలేదు" అన్నాను.

"ఏమిటీ?"

"ఆ రోజు నాకు తలనొప్పి. చూపు సరిగ్గా లేదు. మందు మీద ఉన్నాను. ఇంకోసారి చూడమని ఆయన అడిగారు, నేనే చూడలేదు." సంచిలోంచి ఈ పుస్తకం తీసి, ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. చదివాడు. అటూ ఇటూ చూశాడు. వెళ్ళి తలుపు వేశాడు.

"అమ్మా, ఇది మీ సొంత పుస్తకం. ఎవరూ చూడలేదు. లోపల పెట్టేసుకోండి. పార్టీ చల్లబడింది, మీ పరీక్ష బాగా వచ్చింది, కథ కంచికి చేరింది. ఇప్పుడు దీన్ని తవ్వితే మీ కుర్చీ పోతుంది, నాకు తలవంపులు. ఆ మేస్త్రీకి ఎటూ ఇంకో నాలుగేళ్ళే సర్వీసు."

అప్పుడొచ్చింది నాకు కోపం. ఈ నెలన్నరగా అందరి మీదా అరిచాను. డాక్టరమ్మ మీద, షాపాయన మీద, మా ఆయన మీద, కంపెనీల మీద. అదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. "నాలుగేళ్ళే ఏమిటండీ? దొంగ అనిపించుకుని నాలుగేళ్ళు బతకాలా? ఆయనన్నది నిజం, నేనన్నది అబద్ధం! కాగితం మీద అలా రాయండి. రాయకపోతే పార్టీకి నేనే రాస్తాను" అన్నాను. గొంతు గది దాటే ఉంటుంది.

మేనేజరు ఆ కాగితం నిలువునా చింపాడు. "రేపట్నుంచి మడతల సెక్షన్‌కి వెళ్ళండి" అన్నాడు. "మేస్త్రీకి కబురు పెడతాను."

కబురు నేనే చెప్తానని సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. భార్య తలుపు తీసి, రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన లోపల కుర్చీలో ఉన్నాడు. గోళ్ళ చుట్టూ నీలం ఇంకా పోలేదు. నిలబడే అంతా చెప్పాను. నా జబ్బు సంగతి, మాత్రల సంగతి, పుస్తకం సంగతి.

"జబ్బు ఎవరికైనా వస్తుంది" అన్నాడు. "కన్ను తప్పిందంటే నాకేం కోపం లేదమ్మా. నా చెయ్యి తప్పలేదా ఎన్నోసార్లు? కానీ పాతికేళ్ళ పైనుంచి నన్ను చూస్తున్నారు. ముక్క మార్చేవాడిలా కనిపించానా మీకు?"

"లేదు."

"మరెందుకన్నారు?"

"నా కన్ను తప్పిందనుకోవడం కంటే అదే సుఖంగా ఉంది."

ఆయన భార్య ఏదో అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "బజార్లో మిమ్మల్ని చూసొచ్చాక మా ఆవిడ వీధి గుమ్మం దాటలేదమ్మా. మా ఆయన దొంగ కాడని ఎంతమందికని చెప్పుకుంటుంది?" అన్నాడు. "ఇక్కడికొచ్చి నా చెవిలో చెప్తే ఏం లాభం? మీరు నన్నన్నది నా ఇంట్లో కాదు. తలుపు తీసి ఉంది, అందరూ విన్నారు."

"రేపు చెప్తాను."

"చెప్పండి. వస్తాను" అన్నాడు. కూర్చోమనలేదు.

ఏప్రిల్ 21

ఏడున్నరకి నొప్పి మొదలైంది. ఈ వారంలో మొదటిది. డాక్టరమ్మ కొత్తగా రాసిచ్చిన నొప్పి మాత్ర, పాకెట్ మీద పేరు పైకి చదివి, ఏడూ నలభైకి ఒకటి వేసుకున్నాను. తొమ్మిదికి తగ్గింది. ఇంకొకటి వేసుకోలేదు.

షిఫ్టు మొదలయ్యే ముందు తొట్ల దగ్గరికి వెళ్ళాను. ఆవిరిలో పాతికమంది. మేస్త్రీ అప్పటికే వచ్చి, భోజనం డబ్బా చేత్తో పట్టుకుని, తలుపు దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. మోటార్లు ఆపమన్నాను. రెండు ఆపారు, మూడోది తిరుగుతూనే ఉంది.

"ముదురు నీలం లాటు మేస్త్రీగారు చెడగొట్టి దాచలేదు. ఆయన అసలు ముక్కే తెచ్చారు. అనుమానంగా ఉంది, ఇంకోసారి చూడమన్నారు. నేను ఆయన్నే తిట్టాను. తర్వాత అడగలేదని అబద్ధం చెప్పాను. ఆయన మోసం చేశారన్నాను. మోసం నాది" అన్నాను.

నాకు వెళ్ళిపోవాలనిపించింది. మేస్త్రీ డబ్బా కింద పెట్టాడు. నా వంక కాదు, ఆ తిరుగుతున్న మూడో మోటారు వంక చూశాడు. నడిచి వెళ్ళి దాన్ని తన చేత్తో ఆపాడు.

"వెనకవాళ్ళకి వినపడలేదమ్మా" అన్నాడు. "గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను.